నువ్వు లాక్కున్న పెన్ను

అన్నయ్యకు,

పెద్దమ్మ పోయాక, వీలునామాలో నీ పేరున్నా ఇల్లు నీకెందుకు రాదంటూ ఫోన్లో అరిచావు. వీలునామాలు రాసే నన్ను ‘చావుల లాయరు’ అని నలుగురిలో నవ్వులపాలు చేశావుగా, ఇప్పుడు విను.

క్లయింటుతో ఒంటరిగా మాట్లాడటం నా పద్ధతి. వీలునామా రాసే రోజు నువ్వు తలుపు తోసుకొచ్చి, పెద్దమ్మను బెదిరించి ఇల్లు రాయించుకున్నావు. చాలక, సాక్షి సంతకమూ నేనే పెడతానని నా పెన్ను లాక్కున్నావు. మన క్రైస్తవుల వారసత్వ చట్టం ప్రకారం, సాక్షిగా సంతకం చేసినవాడికి ఆ వీలునామాలో ఏదీ దక్కదని పెద్దమ్మకు ముందే చెప్పాను. ఆపనా అన్నట్టు ఆమె వైపు చూశాను.

“వాడు ముచ్చటపడుతున్నాడు, పెట్టనీరా,” అంది.

మిగిలినదంతా తనకు సేవ చేసిన అక్కకే రాసింది కాబట్టి, నీకు దక్కని ఇల్లూ అందులోనే కలిసి అక్కదైంది. తాళాలు ఇచ్చెయ్. సంతకం మాత్రం ముత్యంలా పెట్టావు.

ఇట్లు,
చావుల లాయరు