నర్సమ్మ వాచీలో వంకీ స్ప్రింగు

సోమవారం,
కొట్లోంచి

చిరంజీవి తమ్ముడికి,

అన్నయ్య దీవెనలు. ఇక్కడ అందరం కులాసా; నా పనిబల్ల ఒక్కటే కులాసాగా లేదు. చేతిరాత చూసి కంగారుపడకు. నా బొటనవేలికి బ్లేడు గీసుకుంది. అందుకని నేను చెబుతుంటే మీ వదిన రాస్తోంది. మధ్యలో తన సొంత మాటలు కలపొద్దని ముందే చెప్పాను.

మనిద్దరికీ మాటల్లేక చాలాకాలమైంది. నువ్వు వేరే కొట్టు పెట్టుకున్నందుకు నాకు కోపం లేదు. బ్యాటరీలు మార్చే పనిని వాచీ రిపేరు అని బోర్డు మీద రాయించావు చూడు, దానికి కోపం. సరే, అదంతా ఇప్పుడు వద్దు. అవసరం నాది.

మా వీధి చివర ఆస్పత్రిలో ఒక నర్సమ్మ ఉంది. వాళ్ళమ్మ కూడా నర్సే. ఆవిడ వాడిన కీ వాచీతోనే ఈమె రోగుల నాడి చూస్తుంది. ఆగి ఆగి నడుస్తోందంటే విప్పి కడిగాను. తిరిగి బిగిస్తుంటే ఒక ముక్క ఎగిరిపోయింది. కీ తిప్పాక చక్రం వెనక్కి పోకుండా పట్టి ఉంచే వంకీ స్ప్రింగు, కనురెప్ప వెంట్రుకంత ఉంటుంది. అది లేకపోతే ఇచ్చిన కీ ఇచ్చినట్టే గిర్రున విప్పుకుపోతుంది.

వెతకని చోటు లేదు. నేలంతా అయస్కాంతం తిప్పాను. ఊడ్చిన దుమ్మును తెల్లగుడ్డ మీద పోసి గాలించాను. సొరుగులన్నీ బోర్లించాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే మళ్ళీ వంగి చూడాలనిపిస్తుంది. వచ్చినవాళ్ళను గుమ్మంలోనే ఆపి చెప్పుల అడుగు చూపించమంటున్నాను. నాకు మతి పోయిందనుకుంటున్నారు. అనుకోనీ.

సామాన్ల షాపతను అదే కంపెనీ స్ప్రింగు తెచ్చిచ్చాడు. పక్కన పెట్టి చూస్తేనే తెలిసిపోయింది, గాడి వెడల్పు, ముక్క సన్నం. అనుమానం వచ్చి మూత లోపల భూతద్దం పెట్టి చూశాను. రిపేరు చేసినవాళ్ళు అక్కడ గీసే గుర్తుల్లో నీది కనిపించింది, తోక వంకర చేప. మనం ఒకే బల్ల మీద పనిచేసిన రోజుల్లో ఇది నీ చేతికి వచ్చిందన్నమాట. అసలు స్ప్రింగు విరిగితే నువ్వే తీగ వంచి, ఆకురాయితో అరగదీసి కొత్తది చేశావు. అది పట్టడానికి గాడిని కూడా పెంచావు. ఇక కంపెనీది ఎందుకు కూర్చుంటుంది? నాతో ఒక్క మాటైనా అన్నావా! తిట్టాలనిపించింది. కానీ గాడి చెక్కిన తీరు ముచ్చటగా ఉంది, ఆ మాట దాచను.

నర్సమ్మకు బదిలీ అయింది. శనివారం బయల్దేరుతుంది. రోజూ గుమ్మంలో నిలబడి, బోసి మణికట్టు రుద్దుకుంటూ, వేరే వాచీతో నాడి చూస్తుంటే తన లెక్క మీద తనకే నమ్మకం కుదరడం లేదంటోంది. ముక్క పోయిందని ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు. నాన్న పెట్టిన ఈ కొట్లోంచి చేతగాక తిప్పి పంపిన వాచీ లేదు. ఇది అలా వెళ్తే నేనిక తలుపు తీయను. కాబట్టి అలాంటిదే ఇంకొకటి చేసి వెంటనే పోస్టులో పంపు. నువ్వు రానక్కర్లేదు. బిగించడం నాకు వచ్చు.

ఇట్లు,
వాచీల దగ్గర తప్ప ఎక్కడా ఓపిక లేని
మీ అన్నయ్య

తా.క. ఇది మాత్రం మీ అన్నయ్య చెప్పింది కాదు, నేను రాస్తున్నది. ఆయన కవరు కోసం లోపలికి వెళ్ళారు. బ్లేడు ఏ వేలికీ తగల్లేదు. ముక్క పోనూ లేదు. మర్నాడే చొక్కా ఉతకబోతే చేతి మడతలో దొరికింది. పరుగున తెచ్చి ట్రేలో పెట్టాను. ఆయన పట్టకారుతో ఎత్తబోయారు, జారింది. మళ్ళీ ఎత్తబోయారు. చెయ్యి వణుకుతోంది. చివరికి భూతద్దం తీసేసి, ఇది ఆ ముక్క కాదన్నారు. అదేనని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అప్పటినుంచీ వెతుకుతూనే ఉన్నారు. చూస్తుంటే నాకు భయంగా ఉంది.

ముక్క నా సూదుల డబ్బాలో భద్రంగా ఉంది. పోస్టులో ఏమీ పంపకు, శనివారంలోగా నువ్వే రా. కొత్తది చేసి తెచ్చానని చెప్పి, నేను చేసిన ముక్క నేనే బిగిస్తానని ఆయనతో పోట్లాడు. ఎప్పుడు మాటామాటా వచ్చినా నువ్వే లేచి వెళ్ళిపోతావు. ఈసారి ఆయన పనిబల్ల ముందు కుర్చీలో కూర్చున్నాక, ఆయన ఏమన్నా సరే, లేవకు.