గల్లీ మొగదల పలక

ఉన్ ప్రాంతం, సూరత్
జూన్ 3

తెలుగు సంఘం కార్యదర్శి స్వరాజ్యం గారికి నమస్కారం.

విషయం: ఎల్లవ్వ. గల్లీ మొగదల పలక.

ఏప్రిల్ పదకొండు, శుక్రవారం. ఉదయం ఆరున్నరకు నా భార్య ఎల్లవ్వ టీ పెట్టింది. చక్కెర వెయ్యడం మరిచిపోయింది. ఆ మాట అంటే ఒప్పుకోలేదు. ఏడు గంటలకు ఛాతీ బరువుగా ఉందని గోడకు ఆనుకుని కూర్చుంది. ఆంబులెన్స్‌కు ఫోన్ చేశాను. చిరునామా స్పష్టంగా చెప్పాను: ప్లాట్ నంబర్ 214, ఆనందధామ్ సొసైటీ, విభాగం రెండు. బండి విభాగం మూడుకు వెళ్ళింది. అక్కడా ఒక 214 ఉంది. ఆ ఇంటివాళ్ళు తలుపు తీసి, దేవుడి దయవల్ల అందరం బాగున్నామని చెప్పారట. మా ఇల్లు దొరికేసరికి ఇరవై రెండు నిమిషాలు ఆలస్యమైంది. డ్రైవరు తప్పు లేదు. మన గల్లీ పేరు ఎక్కడా రాసి లేదు.

వానాకాలం వచ్చింది. ఖాడీ వాగు పొంగి నీళ్ళొస్తే మళ్ళీ ఎవరో ఒకరు ఫోన్ చెయ్యాలి. సంఘం తరఫున పలక పెట్టించగలరు.

ఇట్లు,
కె. రాంప్రసాద్, బి.ఏ.

తా.క.: ఓదార్పు అవసరం లేదు. పలక చాలు.


జూన్ 5

రాంప్రసాద్ అన్నకు చెల్లె స్వరాజ్యం దండం పెట్టి రాసేది.

నీ కాగితం చదివి కొంగు తడిసింది. మూడిండ్ల అవతలుంటం, గీ ఉత్తరాలేందని మా ఆయన సంపత్ నవ్విండు. ఏం జేయాలె? ఎదురుపడి మాట్లాడితే నువ్వు "ఊఁ" అంటవు, అయిపాయె. కాగితమైతేనన్న నాలుగు ముక్కలు రాస్తవు.

వదినె పేరు మీద పలక పెట్టాలన్నవు. ఎంత మంచి ఆలోచన! రేకు గీకు వద్దు, పాలరాయే పెట్టిద్దాం. నడిమిట్ల వదినె ఫొటో, చుట్టూ మల్లెతీగ. కారఖాన షిఫ్ట్ దిగినోళ్ళకు గల్లీ మొగదల పొయ్యి పెట్టుకోని వేడివేడిగ సర్వపిండి చేసి అమ్మేది గద, అది గూడ రాపిద్దాం. గా పల్లీల వాసనకు ఒడియా పోరగాండ్లు గూడ లైను గట్టేటోళ్ళు.

నీ చెల్లె,
స్వరాజ్యం

తా.క.: జననం కాడ ఏం రాయాలె? పదేండ్ల సంది వదినెను వయసు అడిగిన. ఏ ఏడు అడిగినా నలభై రెండే అన్నది.


జూన్ 6

స్వరాజ్యం గారికి నమస్కారం.

నేనడిగింది స్మారకం కాదు, చిరునామా. బండో పడవో వచ్చినప్పుడు దారి తెలియాలి. రేకు చాలు. ఫొటో, మల్లెతీగ, సర్వపిండి ప్రస్తావన అవసరం లేదు.

ఇంకొక పని ఉంది. నడవలేనివాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారో రాసి పెట్టుకోవాలి. తాడు ఎవరి దగ్గరుంది, నీళ్ళొస్తే ఎవరి మేడ మీద చోటుంది, ఇవి ముందే తెలియాలి. జాబితా నేను మొదలుపెట్టాను. నా మేడ మీద చోటుంది.

ఇట్లు,
కె. రాంప్రసాద్, బి.ఏ.

తా.క.: 1969. నేను చెప్పినట్టు ఆమెకు తెలియనివ్వకండి.


జూన్ 24

అన్నకు దండం.

నీ మేడ మీద చోటుందని రాసినవు గద, ఆ మాట సంఘం గ్రూపుల వెట్టిన. ఖాడీ ఒడ్డు గల్లీలల్ల నీళ్ళు జొచ్చినయని తెలిసినంక మనోళ్ళు ఊకుంటరా? "ఎల్లవ్వ పేర సాయం, రాంప్రసాద్ మేడ మీద" అని రాసిన్నో లేదో, జోల్వా నుంచి ఒక టెంపో, కామ్‌రేజ్ నుంచి రెండు టెంపోలు బయలెల్లినయ్. అన్నీ బట్టలే. వదినె పేరంటే ఒక్కలు గూడ లేదనలే. నువ్వు మిల్లు డ్యూటీల ఉన్నప్పుడే దించి పోతరు, పరేషాన్ గాకు.

పాలరాయి వద్దన్నవు గని, అప్పటికే చెక్కిచ్చిన. పంపుతున్న. ఫొటో నువ్వియ్యకపోతివి, మా బిడ్డ హారతి పెండ్లిల దిగిన దాంట్లకెల్లి తీసిన. పక్కకు నీ భుజం గూడ పడ్డది, కోసేస్తే వదినె చెయ్యి గూడ పోతదని ఉంచిన. జననం కాడ జాగ ఇడిసిన. వదినె రహస్యం నా చేతుల మీద బయటపడొద్దు.

నీ చెల్లె,
స్వరాజ్యం

తా.క.: మూటల్ల ఒక పెండ్లి షేర్వాణీ ఉన్నదట, తలపాగతోని సహా. వరదల ఎవరు తొడుక్కుంటరో పంపినోనికే తెల్వాలె.


జూన్ 26

స్వరాజ్యం గారికి నమస్కారం.

మూటలు నలభై ఒకటి. కింది మెట్ల మీద దారి లేదు. పక్కింటి మేడ ఎక్కి, పిట్టగోడ దాటి నా ఇంట్లోకి దిగుతున్నాను.

నిన్న ఖాడీ ఒడ్డుకు వెళ్ళి, ఏం కావాలని అడిగాను. బట్టలని ఒక్కరూ అనలేదు. తాగే నీళ్ళు అన్నారు. పసిపిల్లలకు పాలపొడి, బీపీ మాత్రలు అన్నారు. ఎల్లవ్వ వయసున్న ఒకామె తన ఫోన్ నా చేతిలో పెట్టి, ఛార్జింగ్ చేసి తెచ్చిమ్మంది. బతికే ఉన్నానని కూతురికి చెప్పాలట. అడగకుండా పంపితే అది సాయం కాదు, మన బీరువా ఖాళీ చేసుకోవడం. టెంపోలు ఆపించండి. వాళ్ళు అడిగినవి గ్రూపులో రాసి, అవి మాత్రమే తెమ్మనండి.

నా ఇంట్లోనూ ఒక బీరువా ఉంది. దాన్ని ఖాళీ చెయ్యలేదు. తెరవనూ లేదు.

ఇట్లు,
కె. రాంప్రసాద్, బి.ఏ.

తా.క.: షేర్వాణీ నాకు సరిపోయింది. తడిసి వచ్చాను, నా పొడిబట్టలు మూటల వెనక ఉన్నాయి. గంటసేపే వేసుకున్నాను. తలపాగా పెట్టుకోలేదు.


జులై 9

అన్నా,

టెంపోలు ఆగినయ్. నీళ్ళ క్యాన్లు, మాత్రలు పోతున్నయ్. నీ మాట మంచిగైంది.

మొన్న నువ్వు మిల్లుల ఇరుక్కున్నప్పుడు మన గల్లీలకే నీళ్ళొచ్చె. నీ జాబితాల మొదటి పేరు, మంచంల ఉన్న సాంబయ్య తాతకు ఊపిరాడకపాయె. నేనే ఫోన్ కొట్టిన. నువ్వు చెప్పినట్టే చెప్పిన: ఆనందధామ్, విభాగం రెండు. దగ్గర్ల ఏమున్నదని అడిగింది అవతలి పిల్ల. గాబరాల నా నోట్లకెల్లి వచ్చేసింది: "సర్పిండి గలీ!" ఇగ ఆ పిల్ల లైన్ కలిపిన పడవాయన ఫోన్లనే మొత్తుకున్నడు: "అరే, సర్పిండి వాలీ గలీ? పెహలే బోల్నా థా, బెహన్!" ముందే చెప్పాలె గద అని! వదినె చేతి సర్వపిండి తిన్నోడేనట. పదకొండు నిమిషాల్ల తాత ముందరున్నరు. తాత ఇప్పుడు దవాఖానల నర్సులను తిడుతున్నడు, అంటే మంచిగున్నట్టే.

నీకొక మాట చెప్పాలె, కోపం జెయ్యకు. ఆటోలోళ్ళు, పాలాయన, కొరియర్ పిల్లలు, అందరు మన గల్లీని గట్లనే అంటరు. ఏడేండ్ల సంది. నువ్వొక్కనివే ఎరుగవు. "మా ఆయన చదువుకున్నోడు, ఇంటే చిన్నవోతడు, ఆయన ముందట అనకున్రి" అని వదినె మా అందరి నోళ్ళు మూసింది.

నీ చెల్లె,
స్వరాజ్యం

తా.క.: తలపాగ గూడ పెట్టుకున్నవని ఎదురింటి జమున చెప్పింది. అద్దం ముందట.


జులై 10

చెల్లె స్వరాజ్యానికి,

ఎల్లవ్వ మీ నోళ్ళు మూయించింది గాని, ఆటోవాళ్ళ నోళ్ళు మూయించలేకపోయింది. నాకు తెలుసు. ఏడేళ్ళుగా తెలుసు. తెలియనట్టు నేనున్నాను. నాకు తెలియదన్నట్టు ఆమె ఉంది.

మొదటి ఉత్తరంలో ఒక సంగతి రాయలేదు. ఆ రోజు నన్ను కూడా ఫోన్‌లో అమ్మాయి అడిగింది, దగ్గర్లో ఏముందని. రెండుసార్లు అడిగింది. ఎల్లవ్వ గోడకు ఆనుకుని నా వైపే చూస్తోంది. ఏమీ లేదన్నాను. ప్లాట్ నంబర్ మళ్ళీ చెప్పాను. ఎల్లవ్వ కూడా ఆ పేరు అనలేదు.

ఆ ఇరవై రెండు నిమిషాలు ముందొస్తే బతికేదా అని డాక్టరును అడగలేదు. అడగను.

నువ్వు పంపిన పాలరాయి ఆ గోడకే ఆనించి ఉంది. వెనకవైపు నునుపుగా ఉంది. ఈ సాయంత్రం నీలం రంగుతో తెలుగులో, హిందీలో, గుజరాతీలో రాశాను. మొదట సర్వపిండి అని రాశాను. చెరిపి, సర్పిండి గల్లీ అని రాశాను. పడవాయన అనేది అదే. కింద విభాగం నంబరు, అత్యవసర ఫోన్ నంబర్లు. ఆమె ఫొటో, నా భుజం గోడవైపు ఉంటాయి.

నీ అన్న,
రాంప్రసాద్

తా.క.: సంపత్ దగ్గర తాపీ ఉంటే పంపు. సిమెంటు తెచ్చాను. రేపు పొద్దున ఆరున్నరకు చక్కెర లేని టీ తాగి, గల్లీ మొగదల, ఆమె పొయ్యి పెట్టుకున్న చోట, ఆ రాయిని గోడకు నేనే బిగిస్తాను.