ఫిల్టర్‌లో ఎర్రదుమ్ము

ఆదివారం, రాత్రి

బామ్మర్ది దగ్గర కొన్న పాత టర్బో కారు ఈలేస్తోందని, ఈ సాయంత్రం నేనే బానెట్ ఎత్తాను. పైపుల క్లిప్పులన్నీ గట్టిగానే ఉన్నాయి. ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపితే గచ్చంతా ఎర్రగా అయింది. చూడగానే ఇనుప గనుల దుమ్ము అనిపించింది. అమ్మేటప్పుడు బెంగళూరు దాటలేదని బామ్మర్ది ఒట్టేసిన బండి ఇది. వెంటనే వాడికి ఫోన్ చేశాను.

"సుమ్నే, ఉత్తపుణ్యానికి ఈ అనుమానం ఏంది బావా? నువ్వుండేది యాడ? బళ్లారిలో కదా. ఆ దుమ్ము నీదే," అన్నాడు.

కారు వచ్చి నెల కూడా కాలేదు. దోణిమలై గని వైపు నేను తిప్పిందీ లేదు. ఇంతలోనే అంత దుమ్ము పడుతుందా? వాడి సంగతి వాళ్లక్కతో తేల్చుకుందామని ముఖం కడుక్కుని లోపలికి వెళ్లాను. తుడుచుకుందామని, పొద్దున ఉతికి బయట ఆరేసిన తువ్వాలు విప్పాను.

అదీ ఎర్రగానే ఉంది.