పసుపు అంటిన గోడ

బాపూ, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కిల్లా కోట దగ్గర బస్సు దిగి పాత గల్లీల గుండా మన ఇంటికి నడిచాను. అన్ని ఇళ్ల అరుగులూ అలాగే ఉన్నాయి, మనది తప్ప.

గంజ్ మార్కెట్‌కు పసుపు తెచ్చే వేల్పూర్ రైతులు మన అరుగు మీదే నడుం వాల్చేవాళ్లు. వాళ్ల వీపుల పసుపు గోడకు అంటితే, "చుట్టాలొచ్చిన గుర్తు, ఉండనియ్యి" అని నువ్వు సున్నం వేయనిచ్చేవాడివి కాదు. ఇప్పుడు అన్న ఆ గోడకు సున్నం కొట్టించి, అరుగుకు ఇనుప జాలీ పెట్టించి తాళం వేశాడు.

"గిదేందన్నా?" అన్నాను.

"గలీజ్ చేస్తున్నరు. మన ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. ఆ జాలీ మీద నీ పేరు రాయించాడు బాపూ, నీ జ్ఞాపకార్థమట. దాని ముందే ఒక ముసలి రైతు, ఎండలో, పసుపు బస్తా మీద కూర్చుని ఉన్నాడు.