చావు లేని ఇంటికి కిచిడీ

జూబ్లీహిల్స్
14 ఏప్రిల్ 1981

లీలమ్మక్కా,

ఎక్కడున్నా నీ గడప దగ్గరే మనసు పెట్టుకున్న మాణిక్యం రాసేది.

"ఎట్లున్నవే, కోటల రాణి తీరు ఉన్నవా?" అని అడిగావు పోయిన ఉత్తరంలో. రాణిలాగే ఉన్నానక్కా, మాట్లాడే మనిషి లేక. ఇక్కడ నల్లా తిప్పితే ఇంట్లోనే నీళ్లు. మన జహనుమా గల్లీలో పొద్దు పొడవకముందే బిందెల వరస, ఆ వరసలో నువ్వూ కాశమ్మా పెట్టుకునే లొల్లి, ఆ లొల్లిలోనే గల్లీ అందరి కబుర్లు... అవేవీ లేవు. కూరగాయల బండివాడి అరుపు కూడా వినపడదు. గోడల మీద గాజు పెంకులు, గేట్లకు కుక్క బొమ్మల బోర్డులు. పక్కింటి కుక్క పేరు టైగర్ అని మేం దిగిన రోజే తెలిసింది. దాన్ని పెంచే ఆవిడ పేరు విమలాదేవి అని తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. మా ఆయన మోటార్ల దుకాణం పెరిగి, వైరింగ్ కాంట్రాక్టులు పట్టి, ఈ బండల మధ్య ఇల్లు కట్టారని ఎంత మురిసిపోయానో నీకు తెలుసు కదా. ఫ్రిజ్ తలుపు తీస్తే లైటు వెలుగుతుంది. పగలంతా ఈ ఇంట్లో నన్ను పలకరించేది అదొక్కటే.

ఇప్పుడు అసలు సంగతి. నవ్వావంటే నా మీద ఒట్టే.

మొన్న ఆదివారం విమలాదేవి ఇంటి ముందు కార్లు బారులు తీరాయి. లోపల తెల్లటి షామియానా, తెల్లచీరల ఆడవాళ్లు, నల్లకళ్లద్దాలు, మెల్లగా మాటలు. బాజా లేదు, మైకు లేదు, ఒక్క పిల్లాడి అరుపు లేదు. ఆ ఇంట్లో విమలాదేవి అత్తగారు ఉన్నారు, బాగా పెద్దావిడ. వారం కిందటే డాక్టరు కారు వచ్చి వెళ్లింది. నువ్వే చెప్పు, మన గల్లీలో అంతమంది చప్పుడు లేకుండా కూడితే ఏమనుకుంటాం? పాపం, పెద్దమ్మ పోయిందనుకున్నాను.

మా అత్త పోయిననాడు గుర్తుందా? చావు ఇంట్లో పొయ్యి ముట్టించకూడదని పక్కింటి అన్వరీ బేగం మూడు రోజులు గంజు నిండా కిచిడీ వండి మోసుకొచ్చింది. "రోనా బాద్ మే, పహలే ఖావో" అని, ఏడుపు తర్వాత చూద్దువు ముందు తినమని, నా నోట్లో ముద్ద పెట్టింది. అది తలుచుకుని నేనూ గంజెడు కిచిడీ వండాను. చెప్పులు విడిచి, గంజు నెత్తిన పెట్టుకుని వెళ్లాను. గూర్ఖా నేను వంటమనిషిననుకుని వెనక దారి చూపించాడు. నేరుగా పోయి విమలాదేవిని వాటేసుకుని, "అయ్యో, ఎంత పనాయె తల్లీ! పెద్దమ్మ ఎప్పుడు పోయె?" అని గొల్లుమన్నాను.

అక్కా, పక్కనే పేము కుర్చీలో కూర్చుని పెద్దమ్మ కేకు తింటోంది! "నేనేడికి వోలే బిడ్డా, ఈడనే ఉన్న," అంది.

విమలాదేవి భర్తకు ప్రమోషన్ వచ్చిందని టీ పార్టీ అట అది. అందరూ ఒక్కటే నవ్వు. నవ్వనీ, వాళ్ల చోట ఉంటే నేనూ నవ్వేదాన్నే. కానీ ఆ నవ్వేవాళ్ల మధ్య కోటు వేసుకుని, చేతిలో కప్పుతో మా ఆయన ఉన్నారు. సైటుకు పోతున్నానని నాతో చెప్పి బయల్దేరిన మనిషి! "మా మిసెస్సండి. ఓల్డ్ సిటీకెల్లి కొత్తగ వచ్చింది, ఆమెకు తెల్వదు," అని అందరికీ సంజాయిషీ చెప్పారు. భార్యాభర్తలిద్దరినీ పిలిచారట. ఆ మాట నా దగ్గర దాచారు. నాకు తల కొట్టేసినట్టయింది. గల్లీలో ఏ పెళ్లిలోనైనా నేను పక్కన లేకపోతే బంతిలో కూర్చోని మనిషి, పదహారేళ్ల కాపురం తర్వాత నన్ను చూసి సిగ్గుపడ్డారు.

పెద్దమ్మ ఒక్కతే గంజు మూత తీయించి, కేకు పక్కన పెట్టి, చేత్తో నాలుగు ముద్దలు తింది.

అన్వరీ బేగం ఇంట్లో ముందు గది ఖాళీ అయిందని రాశావు కదా, ఎవరికీ ఇవ్వద్దని చెప్పు. పిల్లల పరీక్షలు కాగానే వాళ్లను తీసుకుని వచ్చేస్తాను. ఆయన వస్తే సరే, రాకపోతే ఈ కోట ఆయనే ఏలుకుంటారు. ఆయనకు ఇంకా చెప్పలేదు.

నీ చెల్లెలు
మాణిక్యం


జూబ్లీహిల్స్
3 మే 1981

లీలమ్మక్కా,

మూటలతో నీ గుమ్మం ముందు దిగాల్సినదాన్ని, మళ్లీ కాగితమే పంపిస్తున్నాను. తిట్టకు.

పెద్దమ్మ శుక్రవారం పొద్దున నిజంగానే పోయింది. అవే కార్లు, అవే తెల్లచీరలు. నేను కిటికీ దగ్గరే నిలబడిపోయాను. ఒకసారి నవ్వులపాలయ్యింది చాలదా అనిపించింది. సాయంత్రానికి ఒక్క కారు లేదు. అంత పెద్ద ఇంట్లో ఆ భార్యాభర్తలు, కుక్క.

అప్పుడు వంటింట్లో ఏదో చప్పుడైతే వెళ్లి చూశాను. మా ఆయన! పప్పూ బియ్యం గంజులో పోసి కడుగుతున్నారు.

"ఏందిది?" అన్నాను.

"గా ఇంట్ల పొయ్యి ముట్టియ్యరు గద," అన్నారు తల ఎత్తకుండా. కడిగిన నీళ్లు వంపుతూ, "నిన్ను జూసి సిగ్గువడలే మాణిక్యం. నేను గూడ గల్లీలకెల్లి వచ్చినోన్నే అని యాడ ఎర్కైతదో అని భయపడ్డ. తప్పాయె," అన్నారు.

నేను ఏడ్చాను. తిట్టాను కూడా, పదహారేళ్లలో తిట్టనివన్నీ కలిపి తిట్టాను. తిడుతూనే స్టవ్వు వెలిగించాను.

గంజుకు ఒక చెవి నేను పట్టుకున్నాను, రెండో చెవి ఆయన. ఇద్దరం చెప్పులు లేకుండానే నడిచాం. నేను వెనక దారికి తిరగబోతే గూర్ఖా ముందు గేటు చూపించాడు. రెండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. కుక్కను కట్టేశారు. విమలాదేవి మెట్ల మీద కూర్చుని ఉంది.

"పొద్దున్నుంచి మీ కోసమే చూస్తున్నానండీ," అంది. "'నేను పోయిననాడు గా పిల్ల గంజు వట్కొని వస్తది, గేటు వెయ్యకు' అని అత్తయ్య చెప్పి పోయారు."

ముద్ద కలిపి ఆమె నోటికి అందిస్తూ అన్వరీ బేగం మాటే అన్నాను. అర్థమైందో లేదో, చిన్నపిల్లలా నోరు తెరిచింది.

ఆ గది వేరేవాళ్లకు ఇచ్చెయ్యమను. జహనుమా మీద బెంగ తీరిందని కాదక్కా, అది తీరదు. కానీ ఇవాళ మూడో రోజు, గంజు మళ్లీ పొయ్యి మీద ఉంది. నేను ఉత్తరం రాస్తుంటే ఆయన కలుపుతున్నారు. అడుగంటిన వాసన వస్తోంది, వెళ్లి చూడాలి.

నీ
మాణిక్యం