తుపాకీకి పరుపు

కాల్గరీ,
ఆగస్టు 29, 2022.

చిరంజీవి చరితకి ఆంజనేయప్రసాద్ అంకుల్ ఆశీస్సులు.

నువ్వెవరో నాకు తెలియదు, నేనెవరో నీకు తెలియదు. మీ షాపు నుంచి వచ్చిన రైఫిల్ పెట్టెలో రసీదు మీద నీ పేరు తెలుగులో కూడా రాసి ఉండటం చూసి ప్రాణం లేచొచ్చింది. కెనడాలో ఓ మూలనున్న సార్నియాలో, తుపాకుల షాపులో, తెలుగమ్మాయి! ఇంగ్లీషులో దెబ్బలాడే శ్రమ తప్పిందని తెలుగులోనే దెబ్బలాడుతున్నాను.

మీ షాపు యజమాని గోర్డన్ గారు అమ్మిన ఆ బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి గురి లేదు. నిన్న షూటింగ్ రేంజిలో మూడుసార్లు కాల్చాను. ఒక గుండు కాగితం పైమూల తగిలింది. ఇంకోటి కాగితాన్ని నిలబెట్టిన చెక్కకి తగిలింది. మిగతాది ఎటు పోయిందో రేంజి వాళ్ళకే తెలియలేదు.

అక్టోబరులో థాంక్స్‌గివింగ్ పండగ ముందు శనివారం మా ఆయిల్ ఆఫీసు వాళ్ళు తుపాకీ గురి పోటీ పెడతారు. గెలిచినవాడికి టర్కీ కోడి ఇస్తారు. నవంబరులో జింకల వేటకి ఎవరెవరు వెళ్ళాలో కూడా అక్కడే తేలుతుంది. ఇన్నేళ్ళుగా వీళ్ళతో పనిచేస్తున్నా నన్నెప్పుడూ ఎక్కడికీ పిలవలేదమ్మా. ఈసారి పిలిచారు. ఆ సంబరంలో మా తాతగారు అడవిపందుల్ని కొట్టేవారని నోరు జారాను. నిజానికి ఆయన నిడదవోలులో స్టేషన్ మాస్టరు.

ఏదో ఒక ఉపాయం చెప్పు. లేకపోతే తుపాకీ వెనక్కి పంపేస్తాను.

కోపంగా ఉన్నా నీ మేలు కోరే,
ఆంజనేయప్రసాద్

తా.క.: నేను కళ్ళు మూసుకుని కాల్చానని మా ఆవిడ కమలకుమారి అంటోంది. అంత చప్పుడు అవుతుంటే కళ్ళు తెరుచుకుని ఉండేవాళ్ళు ఎవరైనా ఉంటారా?

—

సార్నియా,
సెప్టెంబరు 6.

అంకుల్‌కి నమస్కారాలు.

దయచేసి తుపాకీ వెనక్కి పంపకండి అంకుల్. మాది ఖమ్మం. ఇక్కడ కాలేజీలో సప్లై చైన్ చదువుతున్నా. ఈ ఊళ్ళో ఒక కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం ఉందంటే మా కాలేజీ మొత్తం వచ్చి క్యూ కడుతుంది. ఓ రోజు బస్సు రాక నడిచిపోతుంటే ఈ షాపు కనిపించింది, లోపలికెళ్ళి అడిగేశా. గోర్డన్ గారికి కంప్యూటర్ అంటే గిట్టదు. ఉత్తరాలు రాసే మనిషి కావాలన్నారు, చేరిపోయా. మీ ఉత్తరం చదివి చెప్పగానే, "కాల్గరీ సరుకు తిరిగొస్తే పోస్టు అమ్మకాలు ఆపేస్తా" అన్నారు. అవి ఆగితే నా ఉద్యోగమూ ఆగిపోతుంది.

ఆయన చెప్పింది చెప్పినట్టు తెలుగులో పెడుతున్నా. స్క్రూలన్నీ గట్టిగా బిగించాలట. బ్యారెల్ బాగా తేలాలట, తేలకపోతే గురి కుదరదట. అన్నిటికంటే ముఖ్యం బెడ్డింగ్ అట. తుపాకీ పరుపులో కదలకుండా ఒద్దికగా ఉండాలట. నాకైతే ఒక్క ముక్క అర్థం కాలేదు. మీకు అర్థమవుతుందని ఆయన ధైర్యం చెప్పారు.

మీ మీదే ఆశ పెట్టుకున్న,
చరిత

తా.క.: మీ గ్రూప్ ఎలా ఉందని అడుగుతున్నారు. గ్రూప్ ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదట. మరీ చెదిరిపోతే మాత్రం రాయమన్నారు.

—

కాల్గరీ,
సెప్టెంబరు 14.

అమ్మా చరితా,

గోర్డన్ గారు చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేశాను. ఫలితం వినవే తల్లీ.

స్నానాల తొట్టి నిండా నీళ్ళు పట్టి, తుపాకీ ఖాళీయే అని ఒకటికి రెండుసార్లు చూసుకుని వదిలాను. బుడుంగున మునిగింది. వదిలే పద్ధతిలో తేడా వచ్చిందేమోనని ఈసారి మెల్లగా వదిలాను. మెల్లగా మునిగింది. తేలే బ్యారెల్ మీ దగ్గర వేరే ఉంటే ముందే చెప్పాల్సింది.

ఇక పరుపు. మా మంచం మీద కమలకుమారి వైపే పరుపు కాస్త బాగుంటుంది. తుపాకీని తుడిచి, ట్రిగ్గరుకి తాళం వేసి అక్కడ పడుకోబెట్టాను. అటూ ఇటూ కదలకుండా రెండు దిళ్ళు కూడా పెట్టాను. మా ఆవిడ చూసి, "ఇన్నేళ్ళ సంసారంలో సవతిని తెస్తారనుకోలేదు, అదీ ఇనుపది" అని దుప్పటి తీసుకుని సోఫాకి మారిపోయింది.

గ్రూప్ సంగతి అడిగినందుకు గోర్డన్ గారికి నా కృతజ్ఞతలు చెప్పు. మా ఊరి తెలుగువాళ్ళ గ్రూప్ ఏం బాగాలేదు. ఉగాదినాడు పులిహోర దగ్గర మాటా మాటా పెరిగి, వీర్రాజు గారి వర్గమని, ఝాన్సీలక్ష్మి గారి వర్గమని రెండుగా చీలిపోయింది. నేను రెండు పక్కలా తింటున్నాను కాబట్టి రెండు పక్కలా నమ్మరు. గోర్డన్ గారు పెద్దమనిషిగా ఒక మాట చెబితే కలుస్తారేమో.

తుపాకీ గురి మాత్రం అలాగే ఏడిసింది.

సోఫా పక్కన కుర్చీలో కూర్చుని బతిమాలుతూ,
ఆంజనేయప్రసాద్

తా.క.: స్క్రూలన్నీ బిగించమన్నారు కదా, ఇంట్లో ఒక్కటి కూడా వదల్లేదు. వంటింటి అల్మరా తలుపు తెరుచుకోవడం మానేసింది.

—

సార్నియా,
సెప్టెంబరు 22.

అంకుల్, నన్ను క్షమించండి.

మీ ఉత్తరం నేను ఇంగ్లీషులో చెబుతుంటే గోర్డన్ గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, తొట్టి దాకా రాగానే కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. తర్వాత ఒక పాత రైఫిల్ విప్పి నా ముందు పెట్టి, అన్నీ చేత్తో ముట్టుకోనిచ్చి చెప్పారు. ఈసారి అర్థం చేసుకునే రాస్తున్నా.

తేలడమంటే నీళ్ళలో కాదు అంకుల్! బ్యారెల్, అంటే తుపాకీ గొట్టం కింద చెక్క ఉంటుంది కదా, ఆ చెక్కని బ్యారెల్ ముట్టుకోకూడదు. ఒక కాగితం ముక్క రెండిటి మధ్య దూర్చి వెనక్కి లాగండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ చెక్క తగులుతున్నట్టు. అక్కడ గరుకు కాగితంతో కొంచెం కొంచెం రుద్దాలి. బెడ్డింగ్ అంటే ఇనుప భాగం చెక్కలో వదులు లేకుండా కూర్చోవడం. స్క్రూలంటే తుపాకీవీ, దాని మీద గురి చూసే స్కోప్‌వీ మాత్రమే. గ్రూప్ అంటే కాగితం మీద మీ చిల్లులు ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయన్నది. వీర్రాజు గారి విషయంలో తనేమీ చెప్పలేనన్నారు.

తుపాకీ కంటే మీ ఉలికిపాటే పెద్ద సమస్య అని కూడా అన్నారు. గుండు లేకుండా ఇంట్లో రోజూ ప్రాక్టీస్ చేయాలి. ఊపిరి సగం వదిలి, ఆపి, ట్రిగ్గర్ మెల్లగా నొక్కాలి. ఆంటీని మంచం మీదికి పిలవండి ప్లీజ్.

సిగ్గుతో,
చరిత

తా.క.: ట్రిగ్గర్ ఎప్పుడు పడిందో తెలియకుండా మీరే ఆశ్చర్యపోవాలట.

—

కాల్గరీ,
సెప్టెంబరు 30.

అమ్మా చరితా,

ఆశ్చర్యపోవడానికి నాకు ట్రిగ్గర్ అక్కర్లేకపోయింది. పోలీసులు వచ్చారు.

కంగారు పడకు. కాగితం దూరిస్తే నువ్వు చెప్పినట్టే సగంలో ఆగింది. రుద్దాను. ఇప్పుడు ఈ చివరి నుంచి ఆ చివరికి హాయిగా జారిపోతోంది. ఆ ఉత్సాహంలో బేస్‌మెంట్‌లో, లుంగీ మీద, ఖాళీ తుపాకీ పట్టుకుని గోడ మీది క్యాలెండరుకి గురిపెట్టి ఊపిరి బిగపట్టాను. అక్కడో చిన్న కిటికీ ఉంది. కుక్కతో వెళ్తున్న పక్కింటావిడ తొంగిచూసింది. ముఖం ఎర్రబడి, కళ్ళు బయటికొచ్చి, తుపాకీతో కదలకుండా నిలబడిన మనిషి! నేనైనా ఫోన్ చేద్దును.

వచ్చిన ఇద్దరికీ లైసెన్సు చూపించాను. "ఏం చేస్తున్నారు?" అని అడిగారు. "ఫ్లోట్ చేశాను, ఇప్పుడు ఆశ్చర్యపోవడానికి ప్రయత్నిస్తున్నాను" అన్నాను. వాళ్ళు కమలకుమారి వైపు చూశారు. "ఆయన మామూలుగా ఇంతే" అని మా ఆవిడ హామీ ఇచ్చింది. వాళ్ళలో పెద్దాయన తనూ వేటగాడేనట. కాఫీ తాగి, స్కోప్ పట్టీల్లో ఒక స్క్రూ వదులుగా ఉందని చూపించి, బిగించి మరీ వెళ్ళాడు.

ఆనందంతో,
ఆంజనేయప్రసాద్

తా.క.: తుపాకీ ఎక్కడ కొన్నారని అడిగి మీ షాపు నంబరు రాసుకున్నాడు. ఆయన కూడా కొంటాడేమో!

—

సార్నియా,
అక్టోబరు 4, ఎక్స్‌ప్రెస్ పోస్టు.

అంకుల్, కొనడానికి కాదు, విచారించడానికి!

ఫోన్‌లో "కాల్గరీ పోలీసులం, మీరు అమ్మిన రైఫిల్ గురించి" అనగానే గోర్డన్ గారి ముఖం పాలిపోయింది. నన్ను బల్ల వెనక కూర్చోమని, తలుపుకి "మూసి ఉంది" బోర్డు తగిలించారు. నేను ఖమ్మం టికెట్ గురించి ఆలోచించడం మొదలుపెట్టా. ఫోన్ అవతలి వైపు నుంచి "లుంగీ" అన్న మాట వినిపించింది. ఆ తర్వాత గోర్డన్ గారు ఫోన్ పెట్టేసి, బల్ల మీద తల ఆనించి, భుజాలు కదిలిపోతుంటే ఏడుస్తున్నారనుకున్నా. నవ్వుతున్నారు అంకుల్!

తలెత్తి ఒకటే అన్నారు: "పోటీలో ఆయన కాల్చిన కాగితం నాకు పంపమను. చిల్లులు దగ్గరగా ఉంటే గోడకి తగిలిస్తాను, నీ ఉద్యోగం ఖాయం." దూరంగా ఉంటే ఏమిటో చెప్పలేదు. నేను మళ్ళీ ఖమ్మం టికెట్ ధర చూసుకున్నా.

మీ కళ్ళు తెరిచే ఉండాలని మొక్కుకుంటూ,
చరిత

తా.క.: ప్యాంటు వేసుకుని వెళ్ళండి.

—

కాల్గరీ,
అక్టోబరు 10.

బంగారుతల్లీ చరితా,

కాగితం పంపలేను. ఎందుకో చెబుతాను, మధ్యలో కంగారు పడకు.

ప్యాంటు వేసుకునే వెళ్ళాను. అందరం వరసగా కూర్చున్నాం. ఎదురుగా దూరంగా ఎవరి కాగితం వాళ్ళకి. నా పక్కన బ్రూస్ గారని, మా ఆఫీసులో రిటైరైన ముసలాయన. ఏటా వస్తాడట, ఏనాడూ కాగితానికి గుండు తగల్లేదట. మనిషికి మూడు గుళ్ళు. సగం ఊపిరి వదిలాను, మెల్లగా నొక్కాను, మూడుసార్లూ నేనే ఆశ్చర్యపోయాను. కళ్ళు తెరిచే ఉన్నాయి, దేవుడి మీద ఒట్టు.

బైనాక్యులర్‌లో చూస్తే నా కాగితం తెల్లగా ఉంది! కమలకుమారి బైనాక్యులర్ లాక్కుని చూసి, నా చెవిలో, "ఏమండీ, మీవి పక్కాయన కాగితం మీద పడ్డాయి" అంది. నిజమే. సరిగ్గా నడిమధ్యన, మూడు చిల్లులూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, రూపాయి బిళ్ళతో మూసెయ్యొచ్చు. కంగారులో తప్పు కాగితానికి గురిపెట్టి అంత చక్కగా కొట్టాను.

"అవి నావి" అని అరవడానికి నోరు తెరిచాను. అప్పటికే బ్రూస్ గారు టోపీ తీసేసి, గడ్డం వణుకుతుంటే, "ఇన్నేళ్ళకి కుదిరింది" అంటున్నారు. అందరూ ఆయన్ని ఎత్తుకున్నారు. తెరిచిన నోటితో ఏం చెయ్యాలో తెలియక "శభాష్!" అని అరిచాను. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. ఆ కాగితానికి ఆయన ఫ్రేము కట్టించుకుంటున్నారు.

నా ఖాళీ కాగితం చూసి అందరూ జాలిపడ్డారు. గెలిచిన హోదాలో బ్రూస్ గారు నా భుజం మీద చెయ్యి వేసి, "వేటకి ఈయన నాతో వస్తాడు" అని ప్రకటించారు. అలా నవంబరులో వెళ్తున్నానమ్మా!

గోర్డన్ గారికి జరిగింది చెప్పు. కాగితానికి బదులు సాక్షిగా కమలకుమారి కింద సంతకం పెడుతోంది. ఇంకో మాట. బ్రూస్ గారి రైఫిల్‌ని "ఊరికే క్లీనింగ్‌కి" అని ఒప్పించి మీ షాపుకి పంపిస్తున్నాను. మీరిద్దరూ కూర్చుని దానికి మంచి గురి కుదర్చాలి. ఏటా ఆయన తరఫున నేనే కాల్చలేను కదా.

మీ షాపు శాశ్వత కస్టమర్,
ఆంజనేయప్రసాద్
(పై విషయాలు నిజం. కమలకుమారి, మళ్ళీ నా పరుపు మీద నుంచే.)

తా.క.: వేటకి ముందు నన్ను తయారుచేస్తానని బ్రూస్ గారు ఈ ఆదివారం నుంచి ట్యూషన్ మొదలుపెడుతున్నారు. ఫోన్ చేసి మొదటి పాఠం ఇప్పుడే చెప్పారు: "ట్రిగ్గర్ నొక్కే ముందు, ఎదురుగా ఉన్న కాగితం నీదేనా కాదా చూసుకో." చెప్పి చాలాసేపు నవ్వారు.