ఏడు తర్వాత ఎడమకాలు

ఆదోని,
12 ఫిబ్రవరి 1983.

నాడెకూ, కండెలకూ, గుంతమగ్గానికీ ఏలికసాని అయిన మా అక్క కస్తూరమ్మ సముఖానికి,

బి.ఏ. మూడో తరగతిలో గట్టెక్కిన మహామేధావి, నీ ఒక్కగానొక్క తమ్ముడు ఇక్కడ కులాసా.

ముందుగా నా విద్యాలయం గురించి విన్నవించుకుంటాను. పత్తి మార్కెట్ వెనక మూతబడిన జిన్నింగు మిల్లు షెడ్డొకటి ఉంది. అందులో రసూల్ సాబ్ గారి బ్యాండు మేళం. క్లారినెట్టు ఆయనది, ట్రంపెట్టు ఇమాం సాబ్‌ది, పెద్ద డ్రమ్ము చోటే సాబ్‌ది. వీళ్లకు సంగీత శాస్త్రం బోధించే గురువును నేను. నవ్వకు. ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లకు వాయిస్తున్నారు గానీ, పాట మధ్యలో ఆగిందంటే మళ్లీ ఎక్కడ ఎత్తుకోవాలో ఒక్కరికీ తెలీదు. ఒకసారి పల్లవి దొరక్క పెళ్లికొడుకును పావుగంట నడివీధిలో నిలబెట్టేసినారంట.

మొదటి రోజు తాళాలు, జాతులు అని బోర్డు మీద రాస్తే ముగ్గురూ హాయిగా నిద్రపోయినారు. రెండో రోజు టేప్ రికార్డరులో డిస్కో పాట వేసినాను. చోటే సాబ్ మోకాలు దానంతట అదే ఊగింది. "అదే సాబ్! అదే ఇవాళ్టి పాఠం" అన్నాను. "పాఠమా? నరం పట్టిందేమో అనుకుంటి గదప్పా" అన్నాడాయన. నేల మీద పడే కాలు తాళం, గాల్లో ఉండే కాలు ఎదురు. గాల్లో ఉన్నంత మాత్రాన అది పాటలో లేదనుకోవద్దు అని చెప్పాను. డిస్కోకు నాలుగు దెబ్బలు. రెండు డిస్కోలు కలిస్తే ఒక ఆదితాళం. ఈ మహాసత్యాన్ని కనిపెట్టింది నీ తమ్ముడేనని వీధిలో అందరికీ చెప్పు.

మధ్యాహ్నం మూడింటప్పుడు రేకుల సందుల్లోంచి ఎండ దిగుతుంది. ఎన్నేళ్లనాటిదో దూది నూగు నేల మీంచి లేచి తేలుతుంటుంది. చోటే సాబ్ డ్రమ్ము కొట్టినప్పుడల్లా ఆ నూగంతా ఒక్కసారి ఉలిక్కిపడి, దిగాలా వద్దా అని ఆలోచించుకుంటూ దిగుతుంది. దిగేలోపు ఇంకో దెబ్బ. శబ్దం కంటికి కనిపిస్తుందక్కా. ఆ షెడ్డు నీళ్లలో మునిగిన ఊరైనట్టూ, మేం నలుగురం అందులో చేపలమైనట్టూ ఉంటుంది. సాయంత్రం రైలు కూత వినబడేదాకా ఎవరికీ ఇల్లు గుర్తుకురాదు.

నీ కాళ్ల నొప్పులు ఎట్లున్నాయో రాయి.

ఇట్లు,
లయబ్రహ్మ (బిరుదు నేనే ఇచ్చుకున్నాను),
శంకరన్న


ఆదోని,
27 ఫిబ్రవరి.

అక్కా,

ఈసారి బిరుదులు లేవు.

పత్తి వ్యాపారి ఒకాయన కూతురి పెళ్లి ఊరేగింపుకు ఒక పాట కోరినాడు. అది వాయిస్తేనే ఆ పెళ్లి మేళం మాకిస్తాడంట. గుంతకల్లు నుంచి కొత్త మేళమొకటి వచ్చి మా పెళ్లిళ్లన్నీ ఎత్తుకుపోతోంది. ఇది కూడా పోతే షెడ్డు మూసేస్తానన్నాడు రసూల్ సాబ్. ఆ పాట నడక ఏడు. తకిట తకధిమి, మూడూ నాలుగూ. కూర్చుని వాయిస్తే తేనెలాగా ఉంది. నడుస్తూ వాయిస్తే మాత్రం, మొదటి 'త' కుడికాలికి పడాలని ముగ్గురూ ఒక గెంతు గెంతుతారు. నిన్న చోటే సాబ్ డ్రమ్ముతో సహా పోయి ఇమాం సాబ్ వీపుకు గుద్దుకున్నాడు. "నువ్వే సరిచెయ్యల్ల పంతులూ" అంటారు. నేనేం సరిచేసేది? నాదీ అదే జబ్బు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. కర్నూలులో మృదంగం నేర్పిన మాస్టారు నాకు పట్టా ఇవ్వలేదు. నాలుగో సంవత్సరం, ఈ ఏడు దెబ్బల తాళం దగ్గరే వెళ్లగొట్టినాడు. ప్రతి చుట్టు చివరా నేనొక దెబ్బ ఎక్కువ వేసేవాణ్ణి. ఎంత అదిమిపెట్టినా ఎనిమిదయ్యేది. "నీకు లయ లేదు, పోయి మగ్గంలో కూర్చో" అన్నాడు, అందరి ముందరా. ఇంటికొచ్చి, పట్టా కర్నూలులో భద్రంగా ఉందని నీకు చెప్పాను. అబద్ధం కాదు. నాకివ్వలేదు కాబట్టి అక్కడే భద్రంగా ఉంది.

నాయన పోయినాక, నేను నేర్చుకోవాలని, మగ్గం కింద నా గుంతలో నువ్వు కూర్చుంటివి. నువ్వు మోకాళ్లు పట్టుకుని లేస్తుంటే చూడలేక జోకులేసేవాణ్ణి. ఆ జోకులన్నీ అందుకే. రాత్రి కల వచ్చింది. షెడ్డు నిండా నూగు తేలుతోంది గానీ ఎవరూ డ్రమ్ము కొట్టరు, నూగు ఎంతకీ దిగదు.

నీ జవాబు రాగానే రసూల్ సాబ్‌కు నిజం చెప్పి ఎమ్మిగనూరు బస్సెక్కుతాను. నువ్వు లెయ్. నేను కూర్చుంటాను.

శంకరన్న


ఎమ్మిగనూరు,
5 మార్చి.

శంకరా,

మీ అక్క రాసేది. కాళ్లు ఉండాయి, నడస్తాండాయి.

నువ్వు రావద్దు. కోపంతో చెప్పేది కాదు, విను. నీ ఉత్తరం నడుముకు దోపుకోని మగ్గంలో కూర్చుంటి. ఏందిరా ఈ తకిట తకధిమి అని నోటితో అనుకుంటా తొక్కితి. మొదటి 'త' అన్నప్పుడల్లా కుడికాలు. కుడి, ఎడమ, కుడి, తొక్కుకొక పోగు, ఏడు పోగులు బాగ పడె. మళ్లా మొదటి 'త' అని కుడికాలే తొక్కితి. చూస్తే దాని ముందర తొక్కిందీ కుడికాలే. ఒకే సందులో రెండు పోగులు పడి, గుడ్డ మీద లావు గీత లేచె. చూసుకోకుండా మూరెడు నేసినా, అంతా గీతలే. పక్కింటి సుంకమ్మ వచ్చి, "ఏం కస్తూరమ్మా, నిద్రలో నేసినావా?" అని ఒకటే నవ్వు.

అప్పుడు తెలిసె నాకు. మగ్గానికి తెలిసింది రెండే, కుడి, ఎడమ. నువ్వు పుట్టినప్పట్నుంచీ నాయన మగ్గం తొక్కే కాళ్ల సప్పుడులో నిద్రపోయినోడివి. 'త' కుడికాలికే రావల్లని దారిలో ఒక దెబ్బ కలుపుకుంటాండావు. లయ లేక కాదురా ఎర్రోడా, ఉండేది ఎక్కువై. కుడికాలిని నువ్వు పిలవద్దు. ఏడు అయినాక 'త' ఎడమకాలికి పడనీ. ఇంకో ఏడు అయినాక కుడికి అదే వస్తాది. నేను అట్లనే నేసినా. ఒక్క గీత లేదు.

గీతల గుడ్డ చేనేత సొసైటీవాళ్లు తీసుకోరు. బస్సు కండక్టరు బసన్న చేతికిచ్చి నీకే పంపుతాండా.

ఇంకొక మాట. నీ గుంత, నీ గుంత అంటావు. నీదని ఎవరు చెప్పినారు? పదేండ్లుగా కూర్చున్నా, నాది. నేను లేవను.

పట్టా సంగతి రసూల్ సాబ్‌కు చెప్పు.

కస్తూరమ్మ


ఆదోని,
24 మార్చి.

గుంతకు సర్వహక్కుదారూ, నా ఏకైక గురువూ అయిన కస్తూరమ్మ పాదాలకు, ముఖ్యంగా ఎడమపాదానికి,

నీ ఆజ్ఞ ప్రకారం ముందు పట్టా సంగతి చెప్పాను. రసూల్ సాబ్ క్లారినెట్టు తుడుచుకుంటూ, "తెలుసులే పంతులూ. పట్టా ఉన్నోడైతే మా రేకుల షెడ్డుకు యాల వస్తాడప్పా?" అన్నాడు. రెండు వారాలు నిద్ర లేకుండా మోసిన రహస్యం ఆయన దగ్గర రెండు నిమిషాలు కూడా నిలవలేదు.

నీ గుడ్డ బోర్డు మీద మేకులు కొట్టి తగిలించినాను. ముగ్గురూ కళ్లు మూసుకుని, గీత నుంచి గీతకు వేలితో తడుముతూ ఏడు లెక్కపెట్టినారు. "ఈ గీత కాడ అక్కయ్య తప్పింది, మనం తప్పకూడదు" అన్నాడు చోటే సాబ్. తర్వాత లేచి నడిచినారు. ఒక చుట్టు మొదటి 'త' కుడికి, ఇంకో చుట్టుది ఎడమకు. ఎవరూ గెంతలేదు. నూగు ఒకసారి ఈ పక్కకూ ఒకసారి ఆ పక్కకూ ఒరిగినట్టు కనబడింది నాకు.

మొన్న ఊరేగింపులో మేళమంతా పడవలాగా అటూ ఇటూ ఊగుతూ పోయింది. జనం అదేదో కొత్త డ్యాన్సనుకుని వెనకాలే ఊగినారు. పెళ్లికూతురి తండ్రి కూడా. నేను ముందు నడుస్తూ తాళం వేసినాను. ఏడే వేసినానక్కా, ఎనిమిది వేయలేదు.

రసూల్ సాబ్ ఇక షెడ్డు మూయడు. వచ్చే ఆదివారం ఎమ్మిగనూరులోనే పెళ్లి. ఊరేగింపు మన మగ్గాల వీధి మీదుగానే వస్తుంది. క్లారినెట్టు వినబడగానే రెండే రెండు నిమిషాలు గుంతలోంచి లేచి వాకిట్లోకి రా. మన గడప దగ్గర 'త' ఏ కాలికి పడిందో చూసి చెప్పు. తర్వాత పోయి కూర్చో. నీ గుంత జోలికి నేను రాను.

ఇట్లు,
నీ శిష్యుడు,
శంకరన్న